ప్లీడరమ్మ ఆఖరి పేపరు

గోడ గడియారంలో పెద్ద ముల్లు, మోకాళ్ళ నొప్పులున్న పెద్దమనిషి మెట్లు దిగినట్టు, గీత గీతకూ ఆగి ఆగి దిగుతోంది. ఇంకా గంట ఉంది. గంటంటే మాటలు కాదు, గంటలో మనిషి పెళ్ళి చేసుకుని పశ్చాత్తాపపడి ఇంటికి కూడా రావచ్చు. అలాంటిది రెండు పెద్ద ప్రశ్నలకు జవాబులు రాయడం ఎంతసేపు, అందులోనూ రెండూ ప్లీడరమ్మకు నిద్రలో లేపి అడిగినా కళ్ళు తెరవకుండా చెప్పగలిగినవే. మాట ఇచ్చి తప్పినవాడి దగ్గర నష్టం ఎలా రాబట్టాలి అనేది ఒకటి, ఎవరో అనగా విన్న మాట సాక్ష్యానికి పనికొస్తుందా రాదా అనేది ఇంకొకటి. మొదటి రెండు ప్రశ్నలూ రాసేసింది, ఎలా రాసిందో ఆమెకే తెలీదు, చెయ్యి దాని దారిన అది రాసుకుపోయింది. మిగిలిన ఈ రెండింటికే సగం మార్కులు. రాయాలి. రాస్తుంది. కానీ పొద్దుటి పేపరు సంగతి ముందు తేలాలి. రెండు పేపర్లూ ఒకేసారి గట్టెక్కాలన్నది నిబంధన, ఒకటి మునిగాక రెండోది తేలి మాత్రం ఎవరిని ఉద్ధరించాలి. ఆరుసార్లకు మించి ఎవరినీ కూర్చోనివ్వమన్నది ఇంకో నిబంధన. ఇది ఆరోసారి. దీని తర్వాత ఎన్ని జన్మలెత్తినా ఈ హాలు గుమ్మం ఆమెను లోపలికి రానివ్వదు.

ఆమెను ప్లీడరమ్మ అని పిలవని వాళ్ళు లేరు, మాటలు వచ్చిన దగ్గర్నుంచీ అదే పిలుపు, పాలవాడు కూడా ప్లీడరమ్మగారూ అనే గిన్నె అడుగుతాడు. ప్లీడరు కావడం ఒక్కటే మిగిలింది. దానికి కావలసినవన్నీ సమకూర్చుకుంది. లా పట్టా ఉండాలన్నారు, ఉంది. సీనియరు దగ్గర రెండేళ్ళు పని నేర్చుకోవాలన్నారు, రెండేళ్ళు అడిగితే కొసరుతో సహా ఇచ్చింది, ఆ కొసరు అసలు కంటే ఎన్నో రెట్లు పెరిగిపోయింది. నడవడి మంచిదని ఇద్దరు న్యాయవాదులు రాసివ్వాలన్నారు, ఇచ్చారు, అందులో ఒకాయన ఆమె మొహం వైపు చూడకుండానే ఇచ్చాడు. ఏ పోలీసు స్టేషనులోనూ మీద కేసు ఉండకూడదన్నారు, లేదు, కేసు పడేంత తీరిక ఆమెకు ఎప్పుడు దొరికింది గనక. అన్నీ దొంతరగా పేర్చి పెట్టుకుని, పైన పెట్టాల్సిన ఈ పరీక్ష అనే ఒక్క మూత కోసం ఇన్నాళ్ళుగా ఇదే హాలుకు, ఇవే చెక్క బల్లల దగ్గరకు వస్తోంది.

మధ్యాహ్నం మెట్ల మీద కూర్చుని అన్నం డబ్బా మూత తీసేదాకా బాగానే ఉంది. బాగానే ఏమిటి, నోటీసులూ దావాలూ రాయమనే డ్రాఫ్టింగు పేపర్లు ఐదుసార్లు రాసినవన్నీ ఒక ఎత్తు, ఈ పొద్దున రాసింది ఒక్కటీ ఒక ఎత్తు. పక్క బల్ల దగ్గర రాస్తున్న పిల్ల వచ్చి మెట్టు మీద చేరింది. మొదటిసారి రాస్తున్న పిల్ల, ఇంకా మొహంలో కళ తగ్గలేదు.

“అక్కా, ఉత్తరం చివర నా పేరు రాసేయబోయాను తెలుసా, చెయ్యి పట్టుకుని ఆపుకున్నాను. ఏదో ‘క’ అని పెట్టి ఊరుకున్నా. మీరేం పెట్టారు?”

ముద్ద నోట్లోనే ఉండిపోయింది. “నేనూ అంతేనమ్మా” అంది ప్లీడరమ్మ, మంచినీళ్ళు తాగాక. ఆ మాట అన్నప్పుడే తెలిసింది అబద్ధమని, ఎందుకంటే అదే క్షణంలో ఆమె చెయ్యి, డబ్బా మూత పట్టుకున్న చెయ్యి, తాను పొద్దున ఏం చేసిందో చల్లగా గుర్తు చేసింది. జవాబు పుస్తకం అట్ట మీద పెద్ద అక్షరాల్లో అచ్చు వేసే ఉంటుంది, అభ్యర్థి ఎవరో తెలిపే పేరు, సంతకం, గుర్తు లోపల ఎక్కడ కనిపించినా పుస్తకం రద్దు. ఆరుసార్లూ ఆ వాక్యం చదివింది. పరీక్ష రాసే ప్రతివాడికీ తెలిసిన సంగతి, బడి పిల్లకాయలకు కూడా తెలిసిన సంగతి. అయినా ఆ చెయ్యి తన పేరు పెట్టింది. న్యాయవాది అని రాసి, దాని మీద నిండుగా, ఇంటిపేరుతో సహా, చివర కొస లాగి, కొస కింద రెండు చుక్కలు పెట్టి మరీ సంతకం చేసింది.

పెట్టిందా? అదే తేలాలి. పెట్టినట్టు అనిపించడం వేరు, పెట్టడం వేరు, విన్నదే సాక్ష్యమా కాదా అని నాలుగో ప్రశ్న అడుగుతుంటే అనిపించింది ఏ మూలకు. ప్లీడరమ్మ కొత్త పేజీ మీద ‘మూడో ప్రశ్నకు జవాబు’ అని రాసి కింద గీత గీసింది. గీత తిన్నగా వచ్చింది. సరే, ఒక్క నిమిషం, ఇది తేల్చుకుని మొదలుపెడుతుంది. పొద్దున అడిగింది ఏమిటి, ఒక కుట్టుపని చేసుకునే ఆవిడ, అద్దె గదిలో మిషను పెట్టుకుని బతికే ఆవిడ, గది ఖాళీ చేయమని యజమాని నోటీసు ఇచ్చాడు, ఆవిడ తరఫున జవాబు నోటీసు రాయండి. ఇలాంటివి సీనియరు గారి ఆఫీసులో ఎన్ని రాసిందో, ఫైళ్ళు అడ్డంగా పేరిస్తే ఊరి చుట్టూ ప్రహరీ కట్టొచ్చు, ఆ గోడ దూకాలంటే దొంగలకు కూడా లా పట్టా కావాలి. రాయడం ఆమె వంతు, సంతకం ఆయన వంతు. “కింద చోటు వదలండమ్మా, కాస్త ఎక్కువే వదలండి, నా సంతకం లావు” అని ఆయన రోజూ వేసే జోకు, వేసి ఆయనే నవ్వుతాడు, ఆమె కూడా నవ్వి చోటు వదిలి లేచిపోతుంది. అలా వదిలీ వదిలీ, ఏ కాగితం రాసినా చివర చోటు వదిలేయడం ఆమె చేతికి అలవాటైపోయింది, ఇంట్లో కూరగాయల చీటీ రాసినా కింద నాలుగు వేళ్ళ మేర ఖాళీగా ఉండేది. అలాంటి చెయ్యి ఈ ఒక్క పూటే ఎందుకు వదల్లేదు. ఎందుకంటే ఆ ఉత్తరం బాగా వచ్చింది. కుట్టుపని ఆవిడ తన ఎదురుగా కుర్చీలో కూర్చున్నట్టూ, మెడలో టేపు వేసుకుని, అమ్మా నా మిషను ఎక్కడ పెట్టుకోవాలమ్మా అని అడుగుతున్నట్టూ రాసింది, యజమాని వాదనలో ఉన్న చిల్లులన్నీ ఒక్కొక్కటే వేలు పెట్టి చూపించింది, ఆఖరి వాక్యం రాసి తలెత్తితే పక్కన సీనియరు లేడు. కాగితం తీసుకెళ్ళి ఎవరి ముందూ పెట్టక్కర్లేదు. అప్పుడు పెట్టింది సంతకం. సందేహం లేదు. పెట్టాక ఊదింది కూడా, సిరా ఆరాలని. సిరా మీద ఊదిన ఊపిరి పెదవుల మీద ఇప్పటికీ చల్లగా తెలుస్తోంది.

అయితే పెట్టింది. అయితే రద్దు. ఆ మాట లోపల పడి ఎక్కడా ఆగకుండా కిందికి పోతూనే ఉంది, దిగుడుబావిలో రాయి వేసి చప్పుడు కోసం చూసినట్టు ఆమె చూస్తూ కూర్చుంది, చప్పుడు రాలేదు. వెనక ఎవరో దగ్గారు. ఫ్యాను ఒక రెక్క మిగతా రెండింటికంటే ఆలస్యంగా తిరుగుతున్నట్టుంది. ఇన్విజిలేటరమ్మ, కళ్ళద్దాలకు గొలుసు కట్టుకున్న పెద్దావిడ, బల్లల మధ్య నడుస్తూ వచ్చి పక్కన ఆగింది.

“ఏమ్మా, ఒంట్లో బాగాలేదా? మంచినీళ్ళు కావాలా?”

“లేదండీ, ఆలోచిస్తున్నాను.”

“ఆలోచించండి, కానీ చేత్తో ఆలోచించండి. టైమవుతోంది.”

“మేడమ్, పొద్దుటి పుస్తకాలు ఎక్కడ ఉంటాయి ఇప్పుడు?”

“అప్పుడే సీలు వేసి పంపించేశారు కదమ్మా. ఎందుకు?”

“ఊరికే అడిగాను.”

ఆవిడ ఇంకో క్షణం నిలబడి, గొలుసు సవరించుకుని వెళ్ళిపోయింది. చేత్తో ఆలోచించండి. ఆ చేతే కదా ఈ పని చేసింది. ప్లీడరమ్మ పెన్ను పట్టుకుంది. నష్టపరిహారం అనగా, అని మొదలుపెట్టాలి. నష్టం రెండు రకాలు, ముందే ఊహించగలిగింది, ఊహించలేనిది. ఇది ఏ రకం. ఇంటిపేరుతో సహా అనుకుంది ఇందాక. ఏ ఇంటిపేరు? పెన్ను ఆగింది. హాల్ టికెట్ మీద ఉన్నది అత్తవారి ఇంటిపేరు, పెళ్ళయిన దగ్గర్నుంచీ ప్రతి కాగితం మీదా అదే. చెయ్యి పెట్టింది మాత్రం అది కాదు. కొస లాగి కింద రెండు చుక్కలు పెట్టే సంతకం పుట్టింటి ఇంటిపేరుది, తాత నేర్పింది. తాత ఇంట్లో కోర్టు నడిపేవాడు. గొడుగు ఎవరు విరగ్గొట్టారు, చెల్లెలి బొమ్మ చెయ్యి ఎవరు ఊడదీశారు, దిండు కింద దాచిన బెల్లం ముక్క ఏమైంది, ఇవీ కేసులు. తాత మంచం మీద న్యాయమూర్తిగా కూర్చునేవాడు, చెల్లెలు ఎప్పుడూ ముద్దాయి, పాపం, తప్పు చేయని రోజున కూడా ముద్దాయే. ఈమె రెండు వైపులా వాదించేది. తీర్పు రాశాక తాత కాగితం ఇటు తిప్పి, సంతకం పెట్టవే ప్లీడరమ్మా, కొస బాగా లాగు, కొస లేని సంతకం తోక లేని గాలిపటం అనేవాడు. ఆయన చూసిన ఒక ప్లీడరు గురించి చెప్పేవాడు, ఆయన కోర్టులో నోరు విప్పితే గోడ మీది బల్లులు కూడా అటు కొన్ని ఇటు కొన్ని చేరి పార్టీలుగా చీలిపోయేవట, ఒకసారి వర్షం రానందుకు మబ్బు మీదే దావా వేస్తే, మబ్బు భయపడి కోర్టు మెట్ల మీదే కురిసి రాజీ చేసుకుందట. అది విని ఆమె రోజంతా మబ్బుల వైపు కోపంగా చూస్తూ తిరిగింది. చెల్లెలు తడిసిపోతాం ఊరుకోవే అని ఏడ్చింది.

పుట్టింటి ఇంటిపేరు. ప్లీడరమ్మ నడుము నిటారుగా అయింది. నిబంధన ఏమంటోంది, పేరు కనిపిస్తే రద్దు అనడం లేదు. అభ్యర్థి ఎవరో తెలిపే పేరు కనిపిస్తే రద్దు అంటోంది. ఆ పేరుతో అభ్యర్థి ఈ హాలులో లేదు. ఏ హాలులోనూ లేదు. జాబితా అంతా వెతకనీ, ఆ పేరు దొరకదు, దొరకని పేరు ఎవరినీ తెలపదు, ఎవరినీ తెలపని పేరు ‘క’ తో సమానం. ఆమెకు ఒళ్ళు ఝల్లుమంది, వాదన దొరికినప్పుడు అలాగే ఉంటుంది, జేబులో ఎప్పటిదో తాళంచెవి దొరికినట్టు. గడియారం వైపు చూసింది. ఉన్న గంటలో సగం పైగా అయిపోయింది, అయినా ఫరవాలేదు, ఒక ప్రశ్నయినా పూర్తిగా రాయవచ్చు, రెండోది ముక్తసరిగా ముగించవచ్చు. కానీ వాదన సగంలో వదిలి లేస్తే మళ్ళీ దొరకదు, ఎదుటివాళ్ళు ఏమంటారో చూసి, దానికి ఒక్క మాట చెప్పి, అప్పుడు రాస్తుంది.

ఎదుటివాళ్ళు రాకుండా ఉంటారా. పుస్తకం చెల్లుతుందా రద్దా అని తేల్చే కమిటీ ఆమె తలలో కూర్చునే ఉంది. మధ్య కుర్చీలో తాత, పోయి ఎన్నాళ్ళయినా కండువా మాత్రం మాయకుండా వచ్చాడు. పక్కన సీనియరు గారు, కూర్చోగానే కునుకు. ఎదుట వాదించడానికి నిలబడింది ఎవరయ్యా అంటే అత్తగారు, ఇంట్లో ఎలా నిలబడుతుందో అలాగే, నడుం మీద ఒక చెయ్యి వేసుకుని. “పేరు రాసిందా లేదా, ముందు అది చెప్పమనండి” అంటోంది అత్తగారు. “కోడలు పరీక్ష రాస్తుంటే ఆరుసార్లూ పొయ్యి దగ్గర డ్యూటీ నాది. నాకు తెలియాలి.” రాసింది నిజమేనండీ, కానీ ప్రశ్నే న్యాయవాదిగా ఉత్తరం రాయమంది, పేరు లేని నోటీసు చిత్తుకాగితం, అడిగినట్టు రాయడం తప్పెలా అవుతుంది. “అందరూ ఏదో ఒక అక్షరం పెట్టుకున్నారుగా, నీకేం వచ్చింది?” నిజమే, నాకేం వచ్చింది. వెనక బెంచీ మీద ఎవరో నవ్వారు, భర్త. లిఫ్టులు బాగుచేసే మనిషి, చేతులకు ఎప్పుడూ గ్రీజు, కానీ ఆమె పుస్తకం ముట్టుకోవాలంటే సబ్బుతో కడుక్కుని వస్తాడు. నేను రోజూ పైకెళ్ళి కిందికొస్తూనే ఉంటాను ప్లీడరు గారూ, మీరు ఒక్కసారి పైకెళ్ళి అక్కడే ఉండిపోండి చాలు అంటాడు. మొదటిసారి పరీక్షకే నల్లకోటు కుట్టించి తెచ్చాడు, వద్దంటే వినలేదు. ఇప్పుడది భుజాల దగ్గర పట్టడం లేదు. కుట్లు విప్పితే లోపల గుడ్డ ఉందిలే అన్నాడు మొన్న, పాస్ కానివ్వు, విప్పిద్దాం. ఆ మాట గుర్తొచ్చేసరికి పెన్నుకు మూత పెట్టి, మళ్ళీ తీసింది. ఇప్పుడు కాదు. ఇప్పుడు వాదించాలి.

కాబట్టి అయ్యా, నిబంధన పెట్టింది ఎందుకు, దిద్దేవాళ్ళు తెలిసినవాళ్ళకు మార్కులు వేయకూడదని. ఈ పేరు చూసి ఎవరికి ఎవరు తెలుస్తారు. ఈ పేరుతో ఆమెను పిలిచేవాళ్ళు ఎవరూ లేరు. బ్యాంకులో లేదు, ఓటర్ల జాబితాలో లేదు, ఇంటి తలుపు మీద లేదు, ఆఫీసులో ఆమె రాసిన వేల కాగితాల్లో ఒక్కదాని మీదా లేదు. సీనియరు గారు కునుకులోంచి లేచి, అవును, నేను చూడలేదు, అక్కడ నా సంతకమే ఉంటుంది అన్నాడు. చూశారా అయ్యా, సీనియరు గారి సాక్ష్యం. వాదన పరుగెత్తుతోంది, ఆమె దాని వెంట పరుగెత్తుతోంది, ఇంత చక్కగా ఎప్పుడూ వాదించలేదు, మాటకు మాట అతుకుతోంది, మడతకు మడత కలుస్తోంది, ఇది కాగితం మీద పెడితే ఏ పరీక్షకైనా చాలు. ముందు బల్ల దగ్గర ఎవరో అదనపు కాగితం అడిగారు. పక్క బల్ల పిల్ల పేజీ తిప్పింది, మళ్ళీ తిప్పింది. ఒక్క నిమిషం, అయిపోయింది, ఆఖరి ప్రశ్న ఒక్కటే ఉంది.

“ఆ పేరు నీది కాకపోతే మరి ఎవరిది?” అంది అత్తగారు.

అక్కడ ఆగింది ప్లీడరమ్మ. నాదే అంటే ఓడిపోతుంది, అభ్యర్థి ఎవరో ఆ పేరు తెలిపినట్టే. నాది కాదు అంటే గెలుస్తుంది. చట్టం అంత తేటగా ఉంది. కానీ తాత మధ్య కుర్చీలో ముందుకు వంగి చూస్తున్నాడు, కండువా మోకాళ్ళ మీద వేసుకుని, కొస బాగా లాగిందా లేదా అని చూసే చూపు అది. వేరే దారి ఉందేమోనని వెతికింది. ఒకప్పుడు నాది అనవచ్చు, కానీ ఒకప్పుడు అంటే ఇప్పుడూ తెలిసినట్టే. చిన్ననాటి ఆట పేరు అనవచ్చు, ఆటపేరు కూడా గుర్తింపే. అన్ని వైపులా తట్టి చూసింది, ఒక్క తలుపే తీసి ఉంది. ఆమె ఆ తలుపులోంచే వెళ్ళింది, ప్లీడరు అలాగే వెళ్తుంది, కేసు గెలిచే దారి ఉండగా ఇంకో దారి చూడదు. అయ్యా, ఆ పేరుగల మనిషి లేదు. ఆ పేరుతో ఎవరూ చదవలేదు, ఎవరూ పరీక్షలు రాయలేదు, ఎవరూ ప్లీడరు కావాలనుకోలేదు. అది ఊరికే కల్పించిన పేరు.

“అయితే మరి ఆ ఉత్తరం రాసిందెవరే?” అన్నాడు తాత.

“ఎవరూ కాదు తాతా.”

 వాదన బాగుందే, ఎక్కడా చిల్లు లేదు, పుస్తకం చెల్లుతుంది అన్నాడు తాత. అని, కండువా దులుపుకుని లేచాడు. అత్తగారు నడుం మీంచి చెయ్యి తీసింది. సీనియరు గారు ఫైలు కట్టేసి, కింద చోటు వదిలారా అని అడిగాడు. వెనక బెంచీ వైపు చూస్తే భర్త అక్కడ లేడు. గెలిచింది. ఆరేళ్ళలో, అరవయ్యేళ్ళలో, ఈ హాలులో కూర్చున్న వాళ్ళెవరూ ఇంత బాగా గెలిచి ఉండరు. మరి గెలిచిన మనిషికి ఉండాల్సిందేదీ ఆమెకు లోపల తగల్లేదు, గదిలో సామాను అంతా తీసేశాక మాట అంటే గోడలు తిరిగి చెప్పినట్టు, చెల్లుతుంది, చెల్లుతుంది అని ఒక్కటే వినిపించింది. సరే. ఇక రాయాలి. నష్టపరిహారం అనగా.

బెల్లు మోగింది.

“పెన్నులు కింద పెట్టండి. ఎవరూ రాయకూడదు” అంటోంది ఇన్విజిలేటరమ్మ, ముందు వరస నుంచి పుస్తకాలు తీసుకుంటూ. ప్లీడరమ్మ గడియారం చూసింది, ముల్లు చివరి మెట్టు దిగి కింద నిలబడి ఉంది. పేజీ చూసింది. ‘మూడో ప్రశ్నకు జవాబు’ అని ఉంది, కింద గీత ఉంది. తిప్పింది. తెల్లగా ఉంది. ఇంకోటి తిప్పింది. పక్క బల్ల పిల్ల వేళ్ళు విరుచుకుంటూ, “అమ్మయ్య, అయిందక్కా” అంది ఇటు తిరిగి, తిరిగి ఆ పేజీ చూసి, చూడనట్టు అటు తిరిగిపోయింది.

ఇన్విజిలేటరమ్మ వచ్చి పుస్తకం అందుకుంది. రెండు పేజీలు వెనక్కి తిప్పింది, నాలుగు ముందుకు తిప్పింది, కళ్ళద్దాలు సర్దుకుని మళ్ళీ తిప్పింది.  పుస్తకం తిరిగి బల్ల మీద పెట్టింది.

“రాయని పేజీలు అలా ఇవ్వకూడదమ్మా” అంది మెల్లగా. “తర్వాత ఎవరైనా ఏదైనా రాస్తారని. అడ్డంగా గీత కొట్టేసి ఇవ్వండి.”

“అన్నీనా?”

“అన్నీనమ్మా.”

ప్లీడరమ్మ పెన్ను తీసుకుంది. పై మూలన పెట్టి కింది మూల దాకా లాగింది. పేజీ తిప్పి మళ్ళీ లాగింది. మిగతా వాళ్ళు కుర్చీలు జరుపుకుంటూ, సంచులు సర్దుకుంటూ, నువ్వేం రాశావంటే నువ్వేం రాశావనుకుంటూ బయటికి పోతున్నారు. పెద్దావిడ పక్కనే నిలబడి ఉంది, తొందరపెట్టలేదు.  ప్రతి గీతా తిన్నగా వచ్చింది.